సంతకానికి ముందు

తమకు చదవరాని గిర్మిట్ ఒప్పందము కింద 1860 నుండి నటాలుకు వచ్చినవారు మన పూర్వులలో ఎందరో ఉన్నారు. నేడు మునిసిపాలిటీ ఫారము ముందు ఇంగ్లీషు రాని మన ఇంటి అవ్వదీ, జూలూ మాట్లాడే పొరుగింటి తాతదీ అదే స్థితి. షరతులు తెలియకుండానే సంతకము చేసి వస్తారు.

దక్షిణాఫ్రికాలో 2000 సంవత్సరపు మునిసిపల్ సిస్టమ్స్ చట్టము, 21వ సెక్షను ఇందుకు దారి చూపినది.

మొదటిది: ప్రకటనలకు అధికార భాషలను నిర్ణయించునప్పుడు కౌన్సిలు స్థానిక ప్రజల వాడుకను గమనించవలెను.

రెండవది: ప్రజల అభిప్రాయములు వ్రాసి పంపుమని కోరినప్పుడు, వ్రాయలేనివారు ఆఫీసు వేళలలో ఏ చోట ఏ ఉద్యోగిని కలుసుకొనవలెనో ప్రకటనలోనే తెలుపవలెను. వారు నోటితో చెప్పినది ఆ ఉద్యోగి వ్రాసిపెట్టవలెను.

మూడవది: చదువను వ్రాయను రానివారికి ఫారము అర్థమగునట్లు చెప్పి, నింపుటకు ఉద్యోగి సాయపడవలెను. డబ్బు చెల్లింపుకో, నీరు, కరెంటు వంటి సేవకో సంబంధించిన ఫారమైతే షరతులు కూడ వివరించవలెను.

మన తెలుగు ఇక్కడి 12 అధికార భాషలలో లేదు. 1996 రాజ్యాంగము 6వ సెక్షను దానిని గౌరవించి ప్రోత్సహించవలసిన భాషలలో పేర్కొన్నది. అంతమాత్రాన కౌంటరు దగ్గర తెలుగు ఫారము దొరకదు. తెలుగు చదివి ఇంగ్లీషు రాని అవ్వకు పై సాయము వర్తించునా అని వాదించుటకంటె, ఇంగ్లీషు వచ్చిన మనుమడు వెంట వెళ్ళుట మేలు. వెళ్ళినవాడు పొరుగింటి తాతకు కూడ ఈ చట్టము సంగతి చెప్పవలెను. అడగనిదే ఎవరూ సాయము చేయరు. తెలియనిదే ఎవరూ అడగరు.