గీతకు ఏ ప్రక్క?

వడ్రంగి పెన్సిలు గీతమీదనే రంపము నడపడు. గీతను మిగిల్చి, వృథాగా పోవు ప్రక్కనే కోయును. రంపము కొంత చెక్కను పొట్టుచేసి తినివేయునని అతని చేతికి తెలియును. కంప్యూటరు ఆజ్ఞలతో తిరుగు రూటరు యంత్రమునకు ఆ తెలివి లేదు. 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, అంకెలతో నడచు మిల్లింగు యంత్రమును ప్రదర్శించిరి. నాటికిని నేటికిని దాని స్వభావ మొకటే: చెప్పినది చేయును, చెప్పనిది ఊహింపదు. కనుక తెరమీద బొమ్మ గీచినంతనే పని కాదు. ఏ గీతను కోయవలెనో, దేనిని చెక్కవలెనో ‘క్యామ్’ అను ప్రోగ్రాములో మనమే చెప్పవలెను.

మీరు 18 మిల్లీమీటర్ల మందముగల టేకు పలకపై “శ్రీనిలయం” అని చెక్కించదలచితి రనుకొందము. కోయు బిట్టు వ్యాసము 6 మిల్లీమీటర్లు. దాని నడిమి భాగము గీతవెంట నడచినచో ఇరువైపుల మూడేసి మిల్లీమీటర్లు పోవును. 300 మిల్లీమీటర్ల పలక 294 అగును, తగిలించుకొనుటకు వేసిన 20 మిల్లీమీటర్ల రంధ్రము 26 అగును. అందుచేత పలక అంచునకు ‘గీత వెలుపల’, రంధ్రమునకు ‘గీత లోపల’ అని ఎంచుకొనవలెను.

అసలు చిక్కు అక్షరములతోనే. వానిని ఆరపార కోయించినచో సున్నలోని బిళ్ళ ఊడి క్రింద పడును. మిగులునది సున్న కాదు, బొక్క! ‘పాకెట్’ అను పద్ధతిలో అక్షరమును సమతలముగా లోతుచేయవచ్చును. కాని 6 మిల్లీమీటర్ల బిట్టు అంతకన్న సన్నని గీతలో దూరజాలదు. అట్టి చోట్లను ప్రోగ్రాము తొలచక విడిచిపెట్టును. ముందుగా తెరపై చూచుకొననివారికి తలకట్లు లేని అక్షరములు మిగులును.

మన లిపికి వి-ఆకారపు బిట్టుతో చెక్కుటయే తగునని నా అభిప్రాయము. గీత వెడల్పైన చోట అది లోతుగా దిగును, సన్నమైన చోట పైకి తేలును. కొనలు ఉలితో తీర్చినట్లుండును. 90 డిగ్రీల బిట్టు 4 మిల్లీమీటర్ల వెడల్పునకు 2 మిల్లీమీటర్లు దిగిన చాలును. 60 డిగ్రీలదైన సుమారు మూడున్నర దిగవలెను. యంత్రమునకు 90 డిగ్రీల బిట్టు తగిలించి, ప్రోగ్రాములో 60 అని వ్రాసినచో, గీత దాదాపు 7 మిల్లీమీటర్ల వెడల్పై అక్షరములు ఒకదానితో నొకటి కలిసిపోవును. టేకు ఖరీదెరిగినవారు ఈ అంకెను రెండుమార్లు చూచుకొందురు.

ఇక వరుస. ముందు అక్షరములు, పిదప రంధ్రము, కట్టకడపట అంచు. అంచును ముందే కోసినచో పలక కదలి అక్షరములు వంకరపోవును. ఆ అంచునైనను ఒక్క పెట్టున కాక, మూడేసి మిల్లీమీటర్ల చొప్పున ఆరుమార్లు దింపవలెను. అక్కడక్కడ ‘ట్యాబులు’ అను సన్నని వంతెనలను కోయక ఉంచవలెను. పలక విడిపడి, తిరుగుచున్న బిట్టుకు తగిలి ఎగిరిపడకుండ అవి పట్టియుంచును. పని ముగిసిన పిమ్మట వానిని ఉలితో తీసివేయవచ్చును.