కంటైనర్ గోడలకు కన్నం ఎక్కడ పడుతుంది? కెర్నల్ పిలిచే ‘హెల్పర్’ దగ్గర జాగ్రత్త!

ఐటీలో పనిచేసే పిల్లలున్న ఇళ్లలో ‘క్లౌడ్’, ‘డాకర్’, ‘కంటైనర్’ లాంటి మాటలు ఇప్పుడు దస్తర్‌ఖాన్ దగ్గర కూడా వినపడుతున్నాయి. కంటైనర్ అంటే సర్వర్‌లో ఓ చిన్న కంప్యూటర్ అని చాలామంది అనుకుంటారు. కానీ అది నిజం కాదు. ఒకే సర్వర్‌లో వంద కంటైనర్లున్నా, వాటన్నిటికీ కింద పనిచేసే లినక్స్ కెర్నల్ మాత్రం ఒక్కటే. ఆ కెర్నల్ కట్టే గోడల పేరే నేమ్‌స్పేస్‌లు.

గోడ ఎలా పనిచేస్తుంది?

నేమ్‌స్పేస్‌లో ఉన్న ప్రోగ్రామ్‌కు కెర్నల్ కొంతవరకే చూపిస్తుంది. దాని ఫైళ్లు, నెట్‌వర్క్, ప్రాసెస్ నంబర్లు అన్నీ వేరు. ఫైళ్లను వేరుచేసే మౌంట్ నేమ్‌స్పేస్ 2002లోనే వచ్చింది. యూజర్ నేమ్‌స్పేస్ 2013లో, 3.8 వెర్షన్‌తో పూర్తి రూపంలోకి వచ్చింది. దీనివల్ల ఒక యూజర్ లోపల ‘రూట్’గా, అంటే సర్వాధికారిగా ఉండొచ్చు. బయట మాత్రం అతను మామూలు యూజరే.

చిక్కు ఎక్కడుంది?

కెర్నల్ అన్ని పనులూ తానే చేసుకోదు. కొన్నిటికి బయటి ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. డ్రైవర్ కావాలంటే ‘మాడ్‌ప్రోబ్’ను నడుపుతుంది. ఏదైనా ప్రోగ్రామ్ క్రాష్ అయితే, ‘కోర్ ప్యాటర్న్’ అనే సెట్టింగ్‌లో రాసి ఉన్న ప్రోగ్రామ్‌ను నడపగలదు. ఇవే హెల్పర్లు. వీటిని మొదలుపెట్టేది యూజర్ కాదు, కెర్నలే. అందుకే ఇవి మామూలుగా రూట్ అధికారంతో, కంటైనర్ బయట అసలు సిస్టమ్‌లో నడుస్తాయి. కంటైనర్‌ లోపల క్రాష్ అయినా అంతే.

ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. ఫ్లాట్‌లో నల్లా లీకైతే, అసోసియేషన్ వాళ్లు ప్లంబర్‌ను పంపిస్తారు. అతని జేబులో అన్ని ఫ్లాట్ల తాళాలూ తెరిచే మాస్టర్ కీ ఉంది. ఇక్కడ రెండు రకాలుగా మోసం జరగొచ్చు. ఏ ప్లంబర్‌ను పిలవాలో రిజిస్టర్‌లో రాసే అవకాశం కిరాయిదారుకే దొరికితే, తన మనిషి పేరు రాసేస్తాడు. లేదంటే ప్లంబర్ కీతో సహా ఫ్లాట్‌లోకి వచ్చాక, ఆ కీని లాగేసుకుంటాడు. లినక్స్‌లో ఈ రెండూ జరిగాయి.

2022: రిజిస్టర్‌లో పేరు

సీవీఈ-2022-0492 అనే లోపం మొదటి రకం. ప్రాసెస్‌లను గుంపులుగా చేసి, ఎవరికెంత మెమరీ, ప్రాసెసర్ ఇవ్వాలో చూసే ఏర్పాటును సీగ్రూప్ అంటారు. దాని పాత వెర్షన్‌లో ‘రిలీజ్ ఏజెంట్’ అనే ఫైల్ ఉంది. గుంపులో చివరి ప్రాసెస్ వెళ్లిపోగానే, ఆ ఫైల్‌లో పేరున్న ప్రోగ్రామ్‌ను కెర్నల్ రూట్‌గా నడుపుతుంది. రాసినవాడికి అసలు సిస్టమ్‌పై అధికారం ఉందా లేదా అన్నది కెర్నల్ సరిగా చూడలేదు. దాంతో కొన్ని కంటైనర్ల నుంచి బయటపడి, మొత్తం సర్వర్‌ను చేతిలోకి తీసుకునే దారి దొరికింది. సెక్‌కాంప్, యాప్‌ఆర్మర్, ఎస్‌ఈలినక్స్ లాంటి రక్షణలు ఆన్‌లో ఉన్నచోట ఈ దారి మూసుకుపోయింది. తర్వాత కెర్నల్‌లోనే అధికారం చూసే చెక్ పెట్టారు.

2015: జేబులో కీ

సరే, హెల్పర్‌ను కంటైనర్ లోపలే నడిపితే సరిపోదా? ఉబుంటులో క్రాష్‌లను చూసుకునే ‘అపోర్ట్’ దాదాపు అదే చేసింది. కంటైనర్‌లో క్రాష్ జరిగితే, ఆ కంటైనర్ ఫైళ్లలోకి మారి, అక్కడున్న అపోర్ట్‌ను నడిపేది. కానీ బయటి రూట్ అధికారం అలాగే ఉండిపోయింది. మామూలు యూజర్ తన సొంత నేమ్‌స్పేస్ తయారుచేసి, అపోర్ట్ ఉండాల్సిన చోట తన ప్రోగ్రామ్ పెట్టి, కావాలని ఓ క్రాష్ చేస్తే చాలు. రూట్ దొరికినట్టే. ఈ సీవీఈ-2015-1318 లోపాన్ని ఆ ఏడాదే సరిచేశారు.

గది మారినప్పుడు తాళంచెవి కూడా మారాలి. హెల్పర్‌ను లోపల నడపాలంటే ఫైళ్లు, ప్రాసెస్ నంబర్లు, యూజర్, అధికారాలు అన్నీ కలిసి మారాలి. ఒక్కటి వదిలేసినా గోడకు కన్నం పడుతుంది. పోనీ బయటే నడుపుదామంటే ఇంకో ఇబ్బంది ఉంది. హెల్పర్ బయటి సెట్టింగ్‌లు చూసి జవాబిస్తుంది. కంటైనర్ నెట్‌వర్క్ వేరైతే ఆ జవాబు తప్పవుతుంది.

మూడో దారి

అసలు ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టకుండా, విషయం చెప్పి ఊరుకోవడమే మంచిదన్న ఆలోచన ఇప్పుడు బలపడింది. కొత్త సీగ్రూప్ వెర్షన్‌లో రిలీజ్ ఏజెంట్ లేదు. గుంపు ఖాళీ అయితే కెర్నల్ ఒక ఫైల్‌లో విలువ మారుస్తుంది. దాన్ని గమనిస్తున్న ప్రోగ్రామ్ మిగతా పని చూసుకుంటుంది. 2025లో వచ్చిన 6.16 వెర్షన్ నుంచి క్రాష్ సమాచారాన్ని కూడా, ముందే నడుస్తున్న సర్వీస్‌కు సాకెట్ ద్వారా పంపొచ్చు. ఆ సర్వీస్‌కు ఎంత అధికారం ఇవ్వాలో అడ్మిన్ ముందే తేల్చుకుంటాడు.

ఈ పనిలో ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి

• ఏదో పని జరగట్లేదని కంటైనర్‌ను ‘ప్రివిలేజ్డ్’ మోడ్‌లో నడపొద్దు. ఆ మోడ్‌లో గోడ పేరుకే ఉంటుంది.
• సెక్‌కాంప్, యాప్‌ఆర్మర్ లాంటి రక్షణలను తీసేయొద్దు.
• కోర్ ప్యాటర్న్ సెట్టింగ్ మొత్తం సర్వర్‌కు ఒక్కటే. అందులో ఏ ప్రోగ్రామ్ పేరుందో చూసుకోవాలి.
• కెర్నల్ అప్‌డేట్ వాయిదా వేయొద్దు. కంటైనర్‌ను ఎంత అప్‌డేట్ చేసినా, కింద కెర్నల్ పాతదైతే లోపం అలాగే ఉంటుంది.

ఇంట్లో మిగతావాళ్లకూ ఒక మాట. ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడిచేదీ లినక్స్ కెర్నలే. ‘సెక్యూరిటీ అప్‌డేట్’ అని ఫోన్ అడిగినప్పుడు ‘తర్వాత చూద్దాం’ అని పక్కకు నెట్టకండి. ఆ అప్‌డేట్లలో కెర్నల్ లోపాలకు వేసే మాట్లు కూడా ఉంటాయి.