పాత యంత్రమునకు క్రొత్త ఊపిరి



కొలిమికి తిత్తి యెట్టిదో, మోటారు యంత్రమునకు టర్బోఛార్జరు అట్టిది. గాలి హెచ్చిన కొలది డీజిలు హెచ్చుగా మండును, బలము పెరుగును. అయితే ఈ తిత్తిని త్రొక్కువాడెవడు? యంత్రము విడిచిన పొగయే! వృథాగా పోవలసిన ఆ వేడిపొగ యొక చక్రమును నిమిషమునకు లక్ష చుట్ల వరకును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు త్రిప్పును. అదే యిరుసున రెండవ కొసనున్న చక్రము బయటిగాలిని అదిమి లోనికి పంపును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లో దీనికి పేటెంటు పొందెను.

అమెరికాలో 1983 నమూనా ఫోర్డు పికప్పు బండ్లకు వచ్చిన 6.9 లీటర్ల డీజిలు యంత్రమునకు పుట్టుకతో ఈ సాధనము లేదు. బరువు లాగుచు కొండలెక్కుటకు బలము చాలక, కొందరు యజమానులు పిమ్మట దీనిని తగిలించుకొనిరి. చిక్కంతయు నిక్కడనే యున్నది. ఆ యంత్రము గాలిని ముందే 20వ వంతుకంటె తక్కువ చోటికి అదుమును. అదిమిన గాలినే మరల నదిమినచో సిలిండరు మూతక్రింది గాస్కెట్టు చిట్లవచ్చును. డీజిలు మితిమీరినచో పిస్టన్లు కరగవచ్చును. ముసలియెద్దును కొనబోవువాడు ముందు పండ్లు చూడడా? అట్లే సిలిండర్లలో ఒత్తిడి నిలుచుచున్నదో లేదో మొదట పరీక్షింపవలెను. పిమ్మట గాలియొత్తిడిని స్వల్పముగా నుంచి, పొగవేడిని చూపు మీటరు నమర్చుకొనవలెను. ఇరుసునకు కందెననూనె ఎడతెగక అందవలెను. బరువు లాగి వచ్చిన వెంటనే యంత్రము నాపరాదు. కొంతసేపు ఊరక తిరుగనిచ్చి, చల్లారిన పిమ్మట నాపవలెను.