పెదవి రంగు – అందం వెనుక అవస్థ

అరబీ అక్షరాలలో మూడింటికి రెండు పెదవులే జన్మస్థానం. బా, మీమ్ పలకాలంటే పెదవులు రెండూ పూర్తిగా కలవాలి. వావ్‌కు అవి గుండ్రంగా ముందుకు రావాలి. ఫా పలకాలంటే కింది పెదవి లోపలి భాగం పైపళ్ళ అంచును తాకాలి. తజ్వీద్ నేర్చుకునే పిల్లలకు మేము తొలి రోజులలోనే చెప్పే పాఠమిది.

కొంతకాలం క్రితం మా మదరసా బాలికల విభాగంలో ఒక విద్యార్థిని సరిగ్గా ఈ అక్షరాల దగ్గరే తడబడసాగింది. ఆ తరగతికి మేము తెరకు ఇవతల కూర్చొని పాఠం వింటాము. నిన్నమొన్నటి వరకు చక్కగా చదివిన అమ్మాయి నోట మీమ్ సగమే పలుకుతుంటే అశ్రద్ధ అనుకున్నాము. రెండు రోజులు మందలించాము. మూడవ రోజు, పాఠం సరిచేసుకున్న తరువాతే రమ్మని కటువుగా చెప్పాము. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు కలుగుతుంది. ఆ సాయంత్రం, బాలికలకు పాఠాలు చెప్పే మా శ్రీమతి అసలు సంగతి తెలిపింది. ఆ అమ్మాయి పెదవులు వాచి, పగిలి, కలిపితే నెత్తురు వచ్చే స్థితిలో ఉన్నాయి. మాకు చెప్పుకోలేక, చదవనూలేక ఆమె తెర వెనుక ఏడ్చింది.

జరిగింది ఇది. పినతల్లి కూతురి నికాహ్‌కు ఆమె బజారులో ఒక చవకరకం లిప్‌స్టిక్ కొని పూసుకుంది. రెండవ రోజుకు దురద, మంట మొదలయ్యాయి. పెదవులు ఎండిపోతున్నాయని పుదీనా వాసన గల లిప్‌బామ్ రాసింది. అది కాసేపు చల్లగా అనిపించి, ఆపై మంటను మరింత పెంచింది. వలీమా నాడు వాపు నలుగురికీ కనబడకూడదని మళ్ళీ అదే రంగును మందంగా పూసింది. నజర్ తగిలిందని ఇంట్లో పెద్దావిడ అన్నారు. బంధువు ఒకరు మందుల దుకాణం నుండి ఏదో ట్యూబు తెచ్చి ఇచ్చారు. ఇలా నెల గడిచింది.

నజర్ సత్యమే. దుఆ చదవడం మన విధానమే. కాని చికిత్స చేయించుకోమని కూడా దైవప్రవక్త (స) బోధించారు. బాధకు కారణమైన పదార్థాన్ని పెదవులపైనే ఉంచుకొని, దుఆ ఫలించలేదని అనుకోవడం న్యాయం కాదు.

పెదవులకే ఎందుకు?

పెదవుల చర్మం ముఖంపై ఉండే చర్మం కంటే చాలా పలుచన. అక్కడ చెమట గ్రంథులు లేవు, నూనె గ్రంథులు దాదాపు లేనట్టే. అందువల్ల రక్షణ తక్కువ, తేమ త్వరగా ఆరిపోతుంది. పైగా పెదవులకు పూసినదాన్ని మనం తెలియకుండానే నాలుకతో తాకుతాము.

బాధ రెండు విధాలుగా కలుగుతుంది. ఒకటి, ఘాటైన పదార్థం చర్మాన్ని నేరుగా గాయపరచడం. ఇది ఎవరికైనా రావచ్చు. రెండవది అలర్జీ. ఒక పదార్థాన్ని శరీరం శత్రువుగా భావించి ఎదురు తిరగడం. ఏళ్ళ తరబడి వాడిన వస్తువు కూడా ఒకనాడు పడకపోవచ్చు. పూసిన వెంటనే కాక, ఒకటి రెండు రోజుల తరువాత బయటపడుతుంది కనుక కారణం మన ఊహకు అందదు.

సువాసన ద్రవ్యాలు, పుదీనా, దాల్చినచెక్క రుచులు, కొన్ని రంగులు, లానోలిన్ అనే గొర్రె ఉన్ని కొవ్వు, లిప్‌స్టిక్‌లలో విరివిగా కలిపే ఆముదం, ఎండ నుండి కాపాడే కొన్ని రసాయనాలు – ఇవి తరచుగా కనిపించే కారణాలు. లిప్‌స్టిక్ వాడనివారికి టూత్‌పేస్టులోని రుచి ద్రవ్యాల వల్ల కూడా ఇదే బాధ రావచ్చు. గోళ్ళరంగు వేసుకున్న వేళ్ళతో పెదవులను తాకినా కొందరికి పడదు.

ఏం చేయాలి?

మొదటి చికిత్స మానివేయడమే. లిప్‌స్టిక్, లిప్‌బామ్, వాసనగల టూత్‌పేస్టు – అన్నిటినీ ఒకేసారి ఆపాలి. ఒకటి ఆపి మరొకటి కొనసాగిస్తే దోషి ఎవరో తేలదు. సువాసన, రంగు, రుచి ఏమీ కలపని పెట్రోలియం జెల్లీని పలుచగా రోజుకు అనేకసార్లు రాయాలి. పెదవులను నాకరాదు. లాలాజలం ఆరేకొద్దీ పగుళ్ళు పెరుగుతాయి. లేచిన పొరను పీకరాదు. మానే వరకు కారం, పులుపు తగ్గించాలి.

వైద్యుల సలహా లేకుండా దుకాణంలో కొన్న క్రీములు రాయవద్దు. వాటిలో చాలావాటిలో ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. మొదట తగ్గినట్లు కనిపించినా, కొనసాగిస్తే నోటి చుట్టూ ఎర్రని పొక్కులు వస్తాయి. మా విద్యార్థినికి జరిగింది ఇదే.

రెండు వారాలకు తగ్గకపోతే, పసుపుపచ్చని పక్కు కడితే, చీము పడితే చర్మవ్యాధి నిపుణులను కలవాలి. మానని పుండును, ముఖ్యంగా గుట్కా, జర్దా అలవాటున్నవారు, ఎంతమాత్రం ఉపేక్షించరాదు. పెదవులతో పాటు నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కు ఫోను చేయాలి.

పదే పదే వస్తుంటే ప్యాచ్ పరీక్ష చేస్తారు. అనుమానిత పదార్థాలను వీపుపై అంటించి, రెండు రోజుల తరువాత తీసి చూస్తారు. మరో రెండు రోజులకు మళ్ళీ చూస్తారు. అంతవరకు వీపు తడవకూడదు. వుజూకు ఆటంకం లేదు గాని, గుస్ల్ అవసరాన్ని ఆలోచించుకొని రోజులు నిర్ణయించుకోవడం మంచిది.

వుజూ, ఉపవాసం

నోరు మామూలుగా మూసినప్పుడు పైకి కనిపించే పెదవుల భాగం వుజూలో కడగవలసిన ముఖంలోనిదే. నీటిని ఆపే పొరలా గట్టిగా అంటుకొనే రంగును వుజూకు ముందు తొలగించాలి. అయితే దాన్ని తీయడానికి గీకి గీకి రుద్దడం కూడా పెదవులు దెబ్బతినడానికి ఒక కారణం. పలుచగా రాసిన జిడ్డు మాత్రం వుజూకు అడ్డు కాదు. పుండుపై నీరు పడితే హాని కలుగుతుందనుకుంటే తడిచేతితో తుడవవచ్చు. అదీ హానికరమైతే ఆ భాగాన్ని వదిలివేసే సౌలభ్యం ఉంది. ఉపవాసంలో పెదవులకు జెల్లీ రాసినంత మాత్రాన ఉపవాసం భంగం కాదు. మింగకుండా జాగ్రత్త పడాలి.

కొనేటప్పుడు తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పదార్థాల జాబితా ఉన్నాయో లేదో చూడండి. ఇవి లేని వస్తువు ఎంత చవకైనా వద్దు. జాబితాలో కార్మైన్ లేదా సి.ఐ. 75470 అని ఉంటే అది ఒక రకం పురుగుల నుండి తీసిన ఎరుపు. కొందరికి దానివల్ల అలర్జీ వస్తుంది. నోటిలోకి వెళ్ళే వస్తువు కనుక ధర్మపరంగా కూడా మీ ఆలిములను అడిగి తెలుసుకోండి. కొత్తది ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడండి. ఒకరి లిప్‌స్టిక్ మరొకరు వాడకండి.

భర్త కోసం, ఇంటి సంతోషం కోసం స్త్రీ అలంకరించుకోవడాన్ని ధర్మం కాదనలేదు. కాని శరీరం మన సొంతం కాదు, అల్లాహ్ అప్పగించిన అమానత్. హానిని తొలగించాలన్నది ఫిఖ్హ్‌లోని మూల సూత్రాలలో ఒకటి. తల్లులు తమ కుమార్తెలను కోప్పడక ముందు దగ్గర కూర్చోబెట్టుకొని అడగాలి. ఈ మాట తల్లులకంటే ముందు మాకు మేము చెప్పుకున్నాము.

ఆ అమ్మాయిని ప్రభుత్వాసుపత్రిలో చూపించారు. పరీక్షలో సువాసన ద్రవ్యాలు పడవని తేలింది. టూత్‌పేస్టు కూడా మార్చారు. నెలన్నర తరువాత ఆమె మళ్ళీ తరగతికి వచ్చింది. ముందుగా మేము తెర ఇవతలి నుండి క్షమాపణ కోరాము. తరువాత ఆమె బిస్మిల్లాహ్ అని ఆరంభించింది. బా, మీమ్ రెండూ నిండుగా పలికాయి.

అల్లాహ్ మన ఆడపిల్లలందరికీ ఆరోగ్యాన్ని, వారి బాధను సకాలంలో గుర్తించే దృష్టిని మనకూ ప్రసాదించుగాక! ఆమీన్.