పాఠం 9: రేసు సైకిలు బరువు తగ్గించుకోవడం

9.0 పరిచయం

రేసు సైకిలును దుకాణంలో మొదటిసారి చూసినవారు సాధారణంగా చేసే పని ఒకటుంది. పై గొట్టం కింద చేయి పెట్టి దాన్ని ఎత్తి చూస్తారు. మన ఇళ్లలో కనిపించే మామూలు నల్ల సైకిలు సుమారు 20 కిలోలు ఉంటుంది. కొత్తగా పందేలకు దిగేవారు కొనే రేసు సైకిలు 10 లేక 11 కిలోలు ఉంటుంది. పెద్ద పందేలలో తొక్కేవి 7 కిలోలకు అటూ ఇటూ ఉంటాయి. చేతికి తెలిసే ఈ తేడా కాళ్లకు ఎంతవరకు తెలుస్తుంది? ఒక కిలో తగ్గించుకోవడానికి ఎంత ఖర్చు పెట్టవచ్చు? ఎక్కడ ఆగాలి?

ఏడాదంతా కూడబెట్టి పదిహేను వేల రూపాయలు దాచుకున్న విద్యార్థికి ఈ ప్రశ్నలు చిన్నవి కావు. తగని భాగం కొంటే డబ్బు వృథా అవుతుంది. తగిన భాగాన్నే కొని తప్పుగా బిగిస్తే ప్రాణానికి ముప్పు. కాబట్టి కొనడానికి ముందు తూకం వేయడం, లెక్క కట్టడం నేర్చుకుందాం.

9.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

- సైకిలు బరువు ఎక్కడ అడ్డు పడుతుందో, ఎక్కడ పడదో వివరించగలుగుతారు.
- తగ్గిన బరువు వల్ల కొండ మీద ఎంత సమయం కలిసివస్తుందో లెక్క కట్టగలుగుతారు.
- ఏ భాగాన్ని ముందు మార్చాలో "గ్రాముకు ఎన్ని రూపాయలు" అనే లెక్కతో నిర్ణయించగలుగుతారు.
- తేలిక భాగాలు బిగించేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్పగలుగుతారు.

9.2 బరువు ఎక్కడ అడ్డు పడుతుంది?

సైకిలు తొక్కేవారిని ముఖ్యంగా మూడు అంశాలు వెనక్కి లాగుతాయి. మొదటిది గాలి. రెండవది టైరు నేల మీద దొర్లేటప్పుడు కలిగే నిరోధం. మూడవది ఎత్తు, అంటే భూమి ఆకర్షణ. వీటిలో గాలికి సైకిలు బరువుతో సంబంధం లేదు. మీరు ఎంత వంగి కూర్చున్నారు, ఎంత వేగంగా పోతున్నారు అన్నదే అక్కడ ముఖ్యం.

చదునైన తారు రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నారనుకోండి. సైకిలు బరువు ఒక కిలో తగ్గితే టైరు నిరోధంలో మిగిలే శక్తి అర వాటు కంటే తక్కువ. అదే వేగానికి మీ కాళ్లు నూట యాభై వాట్లకు అటూ ఇటూ పని చేస్తుంటాయి. అంటే చదును నేల మీద ఆ కిలో దాదాపు లెక్కలోకి రాదు.

కొండ దగ్గర సంగతి వేరు. బెంగళూరు దగ్గర 1,478 మీటర్ల ఎత్తున్న నంది కొండను తీసుకోండి. సెలవు రోజుల్లో తెల్లవారుజామునే సైక్లిస్టులు ఆ ఘాటు రోడ్డు ఎక్కుతుంటారు. లెక్క సులువుగా ఉండటానికి పాదం నుంచి 400 మీటర్ల ఎత్తు ఎక్కాలని అనుకుందాం. తొక్కేవారు 65 కిలోలు, సైకిలు 10 కిలోలు, మొత్తం 75 కిలోలు. తొక్కే సామర్థ్యం 200 వాట్లు.

చేయవలసిన పని = బరువు × 9.8 × ఎత్తు = 75 × 9.8 × 400 = 2,94,000 జౌళ్లు

పట్టే సమయం = 2,94,000 ÷ 200 = 1,470 సెకన్లు, అంటే 24 నిమిషాల 30 సెకన్లు

(గాలిని, టైరు నిరోధాన్ని ఇక్కడ వదిలివేశాం. అసలు సమయం ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.)

ఇప్పుడు సైకిలు బరువు ఒక కిలో తగ్గిందనుకోండి. మొత్తం 74 కిలోలు. సమయం సుమారు 1,450 సెకన్లు. కలిసివచ్చింది 20 సెకన్లు. పందెంలో ఇది గెలుపు ఓటములను తేల్చగలదు. రోజూ కాలేజీకి పోయేవారికి దీనితో పని లేదు.

మరొక విషయం కూడా గమనించండి. బరువు తగ్గకుండానే, సాధన వల్ల మీ సామర్థ్యం 200 నుంచి 203 వాట్లకు పెరిగినా అవే 20 సెకన్లు కలిసివస్తాయి. సాధనకు దుకాణంలో డబ్బు కట్టనక్కరలేదు.

పాఠంలోని ప్రశ్నలు 9.1

1. సైకిలు బరువుతో సంబంధం లేని నిరోధం ఏది?
2. పై ఉదాహరణలో సైకిలు 2 కిలోలు తగ్గితే సుమారు ఎంత సమయం కలిసివస్తుంది?

9.3 చక్రాల గురించి ఒక అపోహ

"చక్రంలో తగ్గిన ఒక గ్రాము, ఫ్రేములో తగ్గిన రెండు గ్రాములతో సమానం" అనే మాట సైక్లిస్టుల మధ్య తరచుగా వినిపిస్తుంది. ఇందులో సగమే నిజం. రిమ్ము, టైరు, ట్యూబు ముందుకు సాగడమే కాక తిరుగుతాయి కూడా. కాబట్టి వేగం పెంచేటప్పుడు వాటి బరువుకు రెట్టింపు శక్తి కావాలి. కాని వేగం నిలకడగా ఉన్నప్పుడు, కొండ ఎక్కేటప్పుడు సహా, గ్రాము ఎక్కడున్నా గ్రామే.

ఆ రెట్టింపు విలువ ఎంతో చూద్దాం. రిమ్ముల వద్ద 400 గ్రాములు తగ్గాయనుకోండి. ఆగిన చోటు నుంచి గంటకు 36 కిలోమీటర్ల వేగం అందుకోవడంలో మిగిలేది 40 జౌళ్లు. 200 వాట్ల వద్ద ఇది సెకనులో అయిదో వంతు మాత్రమే. మలుపు మలుపుకూ ఆగి లేచే పందేలలో ఇది అనేకసార్లు కలిసివస్తుంది. ఇతర చోట్ల దీన్ని పెద్దగా పట్టించుకోనక్కరలేదు.

9.4 భాగాలు తేలిక ఎలా అవుతాయి?

భాగం తేలిక కావడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి పదార్థం మార్చడం. రెండు, పదార్థం తగ్గించడం.

ఒక ఘన సెంటీమీటరు ఉక్కు సుమారు 7.8 గ్రాములు తూగుతుంది. టైటానియం 4.5 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములు, కార్బన్ పోగులను జిగురుతో కలిపి చేసిన పదార్థం సుమారు 1.6 గ్రాములు. అయితే అల్యూమినియం సైకిలు ఉక్కు సైకిలు బరువులో మూడో వంతుకు రాదు. బరువులోనే కాదు, వంగకుండా నిలిచే గుణంలో కూడా అల్యూమినియం ఉక్కులో మూడో వంతే. అందుకే ఆ గొట్టాలను లావుగా చేస్తారు.

ఫ్రేము సైకిలులో చాలా బరువైన భాగమే. కాని దాన్ని మార్చడమంటే దాదాపు కొత్త సైకిలు కొనడమే. కాబట్టి ఈ పాఠంలో విడి భాగాలకే పరిమితమవుదాం.

9.5 ఖర్చు లేని తగ్గింపు

సైకిలును ఇప్పుడు ఉన్నట్లే తూచండి. వేలాడే తూనిక సరిపోతుంది. ఆ తరువాత దానికి తగిలించినవాటిని చూడండి. పక్క స్టాండు సుమారు 300 గ్రాములు. తాళం, సంచి మరికొన్ని వందల గ్రాములు. 750 మిల్లీలీటర్ల నీళ్ల సీసా నిండుగా ఉంటే సీసాతో కలిపి 830 గ్రాములు. అరగంటలో ముగిసే కొండ పందేనికి రెండు సీసాలు మోయనక్కరలేదు. రెండవ సీసా దించితే పై లెక్క ప్రకారం 16 సెకన్లు, పైసా ఖర్చు లేకుండా.

నీళ్లు తాగవద్దని దీని అర్థం కాదు. దూరం పోయేటప్పుడు, ఎండలో తొక్కేటప్పుడు రెండు సీసాలూ ఉండాలి. మామూలు రోడ్డు మీద గంట, వెనుక దీపం, రిఫ్లెక్టరు, గాలి పంపు, అదనపు ట్యూబు తీసివేయకూడదు. ఒంటి బరువు తగ్గినా లెక్క ఇదే. అయినా ఎదిగే వయసులో ఉన్నవారు పందెం కోసం తిండి మానడం హానికరం. పస్తులుంటే బరువు కంటే ముందు బలం తగ్గుతుంది.

9.6 గ్రాముకు ఎన్ని రూపాయలు?

ఇక డబ్బు పెట్టవలసినవాటిని చూద్దాం. కొత్త భాగం ధరను, అది తగ్గించే గ్రాములతో భాగించండి. వచ్చిన సంఖ్య తక్కువగా ఉన్న భాగాన్ని ముందు మార్చండి. కింది పట్టికలో బరువులు ఇటువంటి సైకిళ్లలో సాధారణంగా కనిపించేవి. ధరలు మాత్రం లెక్క నేర్చుకోవడానికి అనుకున్నవి. మీ ఊరి దుకాణంలో అడిగి వాటిని మార్చుకోండి.

| భాగం | పాత బరువు (గ్రా.) | కొత్త బరువు (గ్రా.) | తగ్గింపు (గ్రా.) | ధర (రూ.) | గ్రాముకు (రూ.) |
|---|---|---|---|---|---|
| ట్యూబులు (2) | 210 | 80 | 130 | 2,600 | 20 |
| టైర్లు (2) | 680 | 440 | 240 | 7,200 | 30 |
| సీటు | 360 | 240 | 120 | 4,800 | 40 |
| చక్రాల జత | 1,950 | 1,550 | 400 | 24,000 | 60 |
| సీటు కడ్డీ | 290 | 200 | 90 | 6,300 | 70 |
| వెనుక పళ్లచక్రాలు (క్యాసెట్) | 350 | 270 | 80 | 6,400 | 80 |

మొత్తం తగ్గింపు 1,060 గ్రాములు, ఖర్చు 51,300 రూపాయలు. అయితే మొదటి మూడు వరుసలను చూడండి. 14,600 రూపాయలతో 490 గ్రాములు తగ్గుతాయి. మిగిలిన 570 గ్రాములకు 36,700 రూపాయలు కావాలి. మన విద్యార్థి దాచుకున్న పదిహేను వేలు ఎక్కడ పెట్టాలో పట్టికే చెబుతున్నది.

టైర్ల విషయంలో మరొక లాభం ఉంది. అంచులో ఉక్కు తీగ ఉన్న టైరు బరువైనది. తీగకు బదులు గట్టి పోగులున్న టైరును మడత పెట్టవచ్చు, అది తేలిక. మంచి రకమైతే దొర్లుడు నిరోధం కూడా తగ్గుతుంది. ఆ లాభం చదును నేల మీదా అందుతుంది. సీటును మాత్రం బరువు చూసి కొనకండి. గంటసేపు కూర్చోలేని సీటు ఎంత తేలికైనా పనికిరాదు.

చివరగా ఒక పొదుపు సూత్రం. క్యాసెట్, టైర్లు ఎలాగూ అరుగుతాయి. అరిగినప్పుడే తేలిక రకం కొంటే, మీకు అదనంగా పడే ఖర్చు రెండు రకాల ధరల మధ్య తేడా మాత్రమే.

పాఠంలోని ప్రశ్నలు 9.2

1. 300 గ్రాముల హ్యాండిల్‌కు బదులు 210 గ్రాముల హ్యాండిల్ 5,400 రూపాయలకు దొరికింది. గ్రాముకు ఎంత పడింది?
2. పట్టికలో దీని స్థానం ఎక్కడ?

9.7 ఎక్కడ ఆగాలి?

1972 అక్టోబరు 25న బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ మెక్సికో నగరంలో ఒక్క గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఇటలీకి చెందిన ఎర్నెస్టో కొల్నాగో చేసిన ఆ సైకిలు 6 కిలోలు కూడా లేదు. చాలా భాగాలకు రంధ్రాలు చేసి బరువు తగ్గించారు. కాని అది నున్నని ట్రాకు మీద తొక్కడానికి చేసిన సైకిలు. దానికి బ్రేకులు లేవు. గుంతల రోడ్డు మీద అలాంటిది నిలవదు. మీరు మీ సైకిలు భాగాలకు ఎన్నడూ రంధ్రాలు చేయకండి.

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000వ సంవత్సరం నుంచి పందెపు సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని నియమం పెట్టింది.

భాగాలు మార్చేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించండి:

1. కొలతలు సరిపోవాలి. సీటు కడ్డీ వ్యాసం, హ్యాండిల్ పట్టు వ్యాసం, క్యాసెట్‌లోని పళ్లచక్రాల సంఖ్య ముందే చూసుకోండి.
2. కార్బన్ భాగాలను చేతి అంచనాతో బిగించకండి. భాగం మీద రాసిన బిగింపు విలువ ప్రకారం, కొలత చూపే పానాతోనే బిగించండి. ఎక్కువ బిగిస్తే లోపల పగుళ్లు రావచ్చు. అవి పైకి కనిపించకపోవచ్చు.
3. కింద పడి దెబ్బ తిన్న కార్బన్ హ్యాండిల్‌ను, ఫోర్కును మళ్లీ నమ్మకండి. తెలిసినవారికి చూపించండి.
4. చువ్వలు తక్కువ ఉన్న చక్రాలకు మోయగల బరువు పరిమితి ఉంటుంది. అది చూసి కొనండి.
5. పలచని ప్లాస్టిక్ ట్యూబులకు మామూలు పంక్చరు ముక్క అతకదు. రిమ్ము మీద పట్టే బ్రేకులు దిగుడులో వేడెక్కుతాయి. అటువంటి సైకిలుకు ఆ ట్యూబు పనికివస్తుందో లేదో పెట్టె మీద చదవండి.
6. బ్రేకుల్లో, హ్యాండిల్ బిగించే మరల్లో బరువు తగ్గించే ప్రయత్నం చేయకండి.

ఎక్కేటప్పుడు 20 సెకన్లు మిగిల్చిన భాగం, దిగేటప్పుడు విరగకుండా ఉండాలి. తేలిక భాగాన్ని ఎంచుకోవడంలో ఇదే చివరి పరీక్ష.

9.8 మీరు నేర్చుకున్నవి

- చదును నేల మీద బరువు ప్రభావం స్వల్పం. కొండ మీద స్పష్టంగా కనిపిస్తుంది.
- చక్రాల బరువు వేగం పెంచేటప్పుడే రెట్టింపుగా లెక్కకు వస్తుంది.
- ముందు అనవసరమైనవి దించాలి. తరువాత గ్రాముకు తక్కువ ఖర్చయ్యే భాగాలు మార్చాలి.
- భద్రతకు సంబంధించిన చోట బరువు గురించి ఆలోచించకూడదు.

9.9 పాఠం చివరి ప్రశ్నలు

1. మీ సైకిలును, దానికి తగిలించిన వస్తువులను తూచి పట్టిక తయారుచేయండి. వాటిలో ఏవి తీసివేయవచ్చో, ఏవి తీయకూడదో కారణాలతో రాయండి.
2. మీ ఊరి దగ్గరి ఒక ఎత్తైన రోడ్డును ఎంచుకుని, ఒక కిలో తగ్గితే ఎంత సమయం కలిసివస్తుందో లెక్క కట్టండి.
3. "తేలిక సైకిలు కొంటే పందెం గెలుస్తాం." ఈ మాటను సమర్థిస్తారా? చర్చించండి.

పాఠంలోని ప్రశ్నలకు జవాబులు

9.1: 1. గాలి నిరోధం. 2. సుమారు 40 సెకన్లు.
9.2: 1. 60 రూపాయలు. 2. చక్రాల జతతో సమానం. కాబట్టి ట్యూబులు, టైర్లు, సీటు తరువాతే.