విద్యకు పీట వేశారు, వియ్యానికి తలుపు మూశారు

ఇస్లామిక్ నాగరికతలో వర్ణవివక్షకు తావు లేదని చెప్పదలచినవారు తరచుగా ఒకే ఒక్క పేరు దగ్గర ఆగిపోతారు: బిలాల్. మక్కాలో బానిసగా బతికి, తొలి అజాన్ పలికిన ఆ నల్లజాతీయుడు గౌరవనీయుడే. అయితే ఒక్క పేరునే పదే పదే చెప్పుకోవడం వల్ల రెండు నష్టాలు జరిగాయి. ఆయన తరువాతి శతాబ్దాల నల్లజాతి పండితులు, కవులు, గాయకులు మరుగున పడ్డారు. వారు ఎదుర్కొన్న వివక్ష కూడా ఆ పేరు చాటునే దాగిపోయింది. మధ్యయుగ సమాజాల చరిత్రను బోధించే అధ్యాపకుడిగా నాకు ఈ రెండో నష్టమే పెద్దదిగా కనిపిస్తుంది.

ముందుగా పండితుల మాట. క్రీ.శ. 732 ప్రాంతంలో మరణించిన అతా ఇబ్న్ అబీ రబాహ్ నూబియా మూలాలున్న నల్లజాతీయుడు. యెమెన్‌లో పుట్టి మక్కాలో స్థిరపడ్డాడు. హజ్ కాలంలో ఆయన తప్ప మరెవరూ ఫత్వా ఇవ్వరాదని ఉమయ్యద్ పాలకులు చాటింపు వేయించారని జీవితచరిత్రకారులు నమోదు చేశారు. ఈజిప్టులో ధర్మశాస్త్ర విద్యకు పునాది వేసినవారిలో ఒకడైన యజీద్ ఇబ్న్ అబీ హబీబ్ నూబియా నుంచి వచ్చిన బందీ కుమారుడు. ఈ ఇద్దరినీ సంప్రదాయ విద్యాలోకం మరచిపోలేదు. వారి మాటలు నేటికీ గ్రంథాల్లో ప్రమాణాలే. మరపున పడింది వారి పేర్లు కాదు, వారి పుట్టుక.

కళారంగంలోనూ ఇదే కథ. మక్కాకు చెందిన నల్లజాతి గాయకుడు ఇబ్న్ మిస్‌జహ్ పారశీక, బైజాంటిన్ బాణీలను అరబ్బీ గానంలోకి తెచ్చాడని ప్రతీతి. మదీనా గాయకుడు మఅబద్ తండ్రి నల్లజాతీయుడు. అరబ్బీ శాస్త్రీయ సంగీతానికి ఆద్యులుగా వీరిద్దరినీ పదో శతాబ్దపు ‘కితాబ్ అల్ అఘానీ’ గుర్తించింది.

ఆ గ్రంథమే నుసైబ్ అనే కవి జీవితాన్నీ వివరంగా చెప్పింది. బానిసగా పుట్టిన ఈ నల్లజాతి కవి తన కవిత్వంతో ఈజిప్టు గవర్నర్ అబ్దుల్ అజీజ్ ఇబ్న్ మర్వాన్‌ను మెప్పించి స్వేచ్ఛ పొందాడు. ఖలీఫాల సభల్లో కానుకలందుకున్నాడు. కానీ కూతుళ్ల పెళ్లి దగ్గరకు వచ్చేసరికి ఆ కీర్తి ఏ కొరగానూ మిగలలేదు. తన రంగు వారికి అంటింది గనుక తెల్లవారు వారిని చేసుకోరనీ, నల్లవారికి ఇవ్వడానికి తనకే మనసొప్పదనీ ఆయన వాపోయినట్లు ఆ కథనం. కవిని అవమానించిన సమాజం, ఆ అవమానాన్ని ఆయన మనసులోకే ఎలా దింపగలిగిందో ఈ ఒక్క మాటలో తెలుస్తుంది.

ఇది వ్యక్తుల దురభిమానంతో ఆగలేదు, శాస్త్రంలోకి కూడా చేరింది. వివాహంలో వధూవరుల సమానతను నిర్ణయించే ‘కఫాఆ’ నియమంలో హనఫీ న్యాయవేత్తలు వంశాన్నీ, వృత్తినీ కొలమానాలు చేశారు. నేతగాడు, తోలు పదును చేసేవాడు వస్త్రవ్యాపారి ఇంటికి సరిజోడు కారన్నారు. అందరూ ఒప్పుకున్నారని కాదు. సరితూగడానికి ధర్మనిష్ఠ చాలునని వాదించిన ఇమామ్ మాలిక్ కూడా ఆ సంప్రదాయంలోని వాడే.

ఈ వైరుధ్యాన్ని సూటిగా ఎత్తిచూపినవాడు బస్రాకు చెందిన మహారచయిత జాహిజ్. ఆయన తాత నల్లజాతీయుడని చెబుతారు. ‘తెల్లవారిపై నల్లవారి ఆధిక్యం’ అనే గ్రంథంలో ఆయన నల్లవారి చేత అరబ్బులను ఒక ప్రశ్న అడిగిస్తాడు: అజ్ఞానయుగంలో మాకు పిల్లనిచ్చినవారు, ఇస్లాం న్యాయం వచ్చాక మమ్మల్ని వియ్యానికి పనికిరానివారిగా ఎందుకు చూస్తున్నారని దాని సారాంశం. నలుపు శిక్షా కాదు, శాపమూ కాదు, నేల, వాతావరణాల ఫలితమని కూడా ఆయన వాదించాడు. అదే జాహిజ్ ఇతర రచనల్లో జంజ్‌లను చులకన చేసిన మాటలూ ఉన్నాయి. ఆయన మరణించిన కొద్ది నెలలకే, క్రీ.శ. 869లో, బస్రా ఉప్పునేలల్లో చాకిరీ చేసే జంజ్ బానిసలు తిరుగుబాటు చేశారు. అది 883 వరకు సాగింది.

తరువాత బాగ్దాద్‌లో ఇబ్న్ అల్ జౌజీ, కైరోలో సుయూతీ నల్లవారి ఘనతను చాటుతూ గ్రంథాలు రాశారు. సదుద్దేశంతో రాసినవే. కానీ ఒక జాతి గొప్పదని శతాబ్దాల తరబడి నిరూపిస్తూ పోవలసి రావడమే, ఆ జాతిని తక్కువగా చూస్తున్నారనడానికి సాక్ష్యం. తెల్లవారి ఘనతకు నిరూపణ ఎవరూ అడగలేదు.

దీన్ని ముస్లింలపై నిందకు ఆయుధంగా వాడాలనుకునేవారు ఒక విషయం గమనించాలి. ఈ వివక్షను నమోదు చేసినవారూ, దానితో తలపడినవారూ ఆ సమాజంలోని వారే. పైగా ఆ ఎత్తుగడ మనకు కొత్త కాదు. కులం గురించి ప్రశ్నించగానే వ్యాసుడినీ వాల్మీకినీ చూపి నోరు మూయించడం మనం వినే వాదమే. ఉదాహరణగా నిలబెట్టిన ఒక్కరు, వెలి ఉంచిన వేలమందికి జవాబు కాలేరు.

కులానికి ప్రాణం స్వకుల వివాహంలో ఉందని అంబేద్కర్ 1916లోనే తేల్చి చెప్పారు. మన పల్లెల్లో కంచం పొత్తు వేరు, మంచం పొత్తు వేరు అంటారు. మక్కాలో ఫత్వా అడగడానికి అతా ముందు కూర్చున్నవారికీ, నుసైబ్ కూతుళ్లకు మొహం చాటేసినవారికీ మధ్య దూరం ఈ రెండు పొత్తుల మధ్య ఉన్నంతే. ఏ సమాజమైనా తాను సమానత్వం పాటించానని చెప్పుకుంటే, విద్యార్థులు అడగవలసింది సభలో ఎవరిని సత్కరించారని కాదు, ఎవరింటికి పిల్లనిచ్చారని.