కోచ్ రాజీనామా చేస్తే ఫైలు మూసేసినట్టేనా? విచిటా కాలేజీ వ్యవహారం, మన పిల్లల ఆట

గత నెల మన సంఘం కార్యవర్గ సమావేశంలో ఎజెండాలో లేని విషయం ఒకటి చర్చకు వచ్చింది. సభ్యులలో ఒకరి మనుమరాలు బాస్కెట్‌బాల్ బాగా ఆడుతుంది. ప్లస్ టూ అయ్యాక అమెరికాలో ఆట స్కాలర్‌షిప్ మీద చదవాలని ప్రయత్నం చేస్తోంది. "అక్కడ కోచ్‌లు పిల్లల్ని తిడతారట, చెయ్యి కూడా చేసుకుంటారట, నిజమేనా సెక్రటరీ గారూ?" అని ఆ పెద్దాయన అడిగారు. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి పత్రికలు తిరగేసి, అమెరికాలో ఉన్న మన బరంపురం పిల్లలను ఇద్దరిని ఫోనులో అడిగి తెలుసుకున్నాము. ఒక్కరికి చెప్పి ఊరుకునే సంగతి కాదనిపించి ఇక్కడ రాస్తున్నాము.

అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో విచిటా అనే నగరం ఉంది. అక్కడి విచిటా స్టేట్ యూనివర్సిటీకి 2007లో గ్రెగ్ మార్షల్ బాస్కెట్‌బాల్ కోచ్‌గా వచ్చారు. అంతకుముందు ఆ జట్టు పేరు దేశంలో పెద్దగా వినపడేది కాదు. ఈయన వచ్చాక 2013లో జాతీయ పోటీలలో చివరి నాలుగు జట్లలో ఒకటిగా నిలిచింది. ఆ మరుసటి సీజనులో వరసగా 35 ఆటలు గెలిచి, 36వ ఆటలో కెంటకీ చేతిలో ఓడింది. ఊరంతా పండగ. కోచ్ జీతం ఏడాదికి 35 లక్షల డాలర్ల దాకా పెరిగింది. అప్పటి రేటున మన డబ్బులో సుమారు 26 కోట్లు. ఆ రాష్ట్రంలో ప్రభుత్వ సంస్థలలో పనిచేసేవారిలో బాగా ఎక్కువ జీతం తీసుకునేవారిలో ఆయన ఒకరు. గవర్నరు కంటే కోచ్‌కి ఎక్కువా అని మన సభ్యులు నోరు వెళ్లబెట్టారు. అమెరికాలో చాలా రాష్ట్రాలలో అంతే, ఎక్కువ జీతం తీసుకునే ప్రభుత్వోద్యోగి ఎవరని చూస్తే ఏదో ఒక కాలేజీ కోచ్ కనిపిస్తారు.

2020 అక్టోబరులో రెండు క్రీడా వార్తా సంస్థలు ఆయన మీద వచ్చిన ఆరోపణలను బయటపెట్టాయి. 2015లో ప్రాక్టీసులో ఒక ఆటగాణ్ణి పిడికిలితో గుద్దారని, తన కింద పనిచేసే అసిస్టెంటు కోచ్ గొంతు పట్టుకున్నారని అందులో ఉంది. మమ్మల్ని ఎక్కువగా ఆపినవి మాత్రం వేరే రెండు. అమెరికా ఆదిమ జాతికి చెందిన ఒక కుర్రాణ్ణి పట్టుకుని 'పోయి నీ గుర్రం ఎక్కు' అన్నారట. కొలంబియా దేశం నుంచి వచ్చిన మరో కుర్రాడితో 'నువ్వు కాఫీ గింజలు కోయడానికి బాగా పనికొస్తావు' అన్నారట. ఆ ఏడాది వేసవిలోనే అరడజను మందికి పైగా ఆటగాళ్లు ఆ జట్టు వదిలి వేరే కాలేజీలకు వెళ్లిపోయారు.

మార్షల్ వీటిని ఒప్పుకోలేదు. తన శిక్షణ పద్ధతి అందరికీ నప్పకపోవచ్చు గాని, ఆటగాణ్ణి గాని తోటి ఉద్యోగిని గాని ఎన్నడూ కొట్టలేదని అన్నారు. ఈ ఆరోపణలను ఏ కోర్టూ తేల్చలేదు. కాబట్టి చదివేవారు వాటిని ఆరోపణలుగానే చదవాలి.

యూనివర్సిటీ బయటి నుంచి ఒక న్యాయవాద సంస్థను పిలిపించి విచారణ చేయించింది. నవంబరు 17న మార్షల్ రాజీనామా చేశారు. రాజీనామాతో పాటు ఒక ఒప్పందం: ఆయనకు ఆరేళ్లలో 77 లక్షల 50 వేల డాలర్లు చెల్లించాలి. అంటే అప్పటి లెక్కన సుమారు 57 కోట్ల రూపాయలు. విచారణలో ఏం తేలిందో ఆ రిపోర్టును యూనివర్సిటీ జనం ముందు పెట్టలేదు.

మేము ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తా ఉద్యోగం చేసి, అందులో సగం కాలం ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే గడిపినవాళ్లం. రాజీనామా ఫైళ్లు చాలా చూశాము. మన కేంద్ర ప్రభుత్వ పింఛను నిబంధనలలో మామూలుగా రాజీనామా చేస్తే వెనకటి సర్వీసంతా పోతుంది, పింఛను ఉండదు. పైగా ఒకరి మీద విచారణ నడుస్తుండగా వారు రాజీనామా ఇస్తే దాన్ని ఒప్పుకోవాలా, విచారణ పూర్తయ్యేదాకా ఆపాలా అని పైఅధికారి ఆలోచించి నోటు రాయాలి. అందుకే మన దృష్టిలో రాజీనామా అంటే మనిషి పోగొట్టుకుని వెళ్లడం. విచిటాలో ఆయన రాజీనామా చేసి 57 కోట్లు పట్టుకెళ్లారు. మా తరం గుమాస్తాలకు ఇది ఒక పట్టాన మింగుడుపడదు.

కారణం ఒప్పందంలో ఉంది. అమెరికా కోచ్‌ల ఒప్పందాలలో తీసివేయడానికి రెండు దారులు రాసుకుంటారు. తప్పు రుజువై తీసివేస్తే ఏమీ ఇవ్వక్కరలేదు. తప్పు చూపకుండా తీసివేస్తే మిగిలిన ఏళ్లకు లెక్కకట్టి ఇవ్వాలి. మార్షల్ విషయంలో ఆ లెక్క కోటిన్నర డాలర్ల దాకా వస్తుందని అప్పటి పత్రికలు రాశాయి. తప్పు రుజువైందని తీసివేస్తే ఆయన కోర్టుకు వెళ్లవచ్చు. వెళితే ఆటగాళ్లు బోనెక్కి సాక్ష్యం చెప్పాలి, కాలేజీ పెద్దలకు ఎప్పుడు తెలిసింది, తెలిసి ఏం చేశారు అన్న ప్రశ్నలు వస్తాయి, ఏళ్లు గడుస్తాయి. సగం డబ్బుతో రాజీనామా పత్రం చేతికి వస్తే పరువు ఇద్దరికీ మిగులుతుంది. కాలేజీకి, కోచ్‌కి ఇద్దరికీ లాభమే. నష్టం ఎవరికి అంటే, నోరు విప్పిన కుర్రాళ్లకు. వాళ్లు చెప్పింది నిజమని గాని అబద్ధమని గాని ఎక్కడా ఒక కాగితం మిగలలేదు.

మరి ఇన్నేళ్లు పిల్లలెందుకు నోరు మెదపలేదు అని మన పెద్దాయన అడిగారు. అక్కడి ఏర్పాటు తెలిస్తే ఇది అర్థమవుతుంది. 1973 నుంచి చాలా కాలం ఆట స్కాలర్‌షిప్‌ను ఏడాదికొకసారి తిరగరాసేవారు. కోచ్‌కి ఇష్టం లేకపోతే మరుసటి ఏడాది ఫీజు ఇంట్లోవాళ్లు కట్టుకోవాల్సిందే. ఒకటి కంటే ఎక్కువ ఏళ్లకు స్కాలర్‌షిప్ ఇవ్వడానికి 2012 నుంచి వీలు కలిగింది, కాని ఇచ్చి తీరాలని లేదు. కాలేజీ మారితే, బాస్కెట్‌బాల్ వంటి పెద్ద ఆటలలో ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలన్న నిబంధన 2021 దాకా ఉంది. ఎవరు ఎన్ని నిమిషాలు ఆడాలో చెప్పేది కోచే, తరవాత డబ్బిచ్చే లీగులవాళ్లు వాకబు చేస్తే మంచో చెడో చెప్పేదీ కోచే. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఫిర్యాదు కాగితం మీద సంతకం పెడితే చదువు, ఆట, రేపటి బతుకు మూడూ ఆ కాగితం మీదే ఉంటాయి. 2021లో ఆ నిబంధన సడలించి, ఒకసారికి కూర్చోకుండానే మారవచ్చన్నారు. అప్పటినుంచి పిల్లలకు కొంత ఊపిరాడుతోంది.

మగ కోచ్‌ల కథే అనుకోకండి. నార్త్ కరోలైనా యూనివర్సిటీలో సిల్వియా హాచెల్ గారు 1986 నుంచి ఆడపిల్లల జట్టుకు కోచ్. 1994లో జాతీయ విజేతలను చేశారు, మొత్తం మీద వెయ్యికి పైగా ఆటలు గెలిచారు, రక్త కాన్సరు నుంచి కోలుకుని వచ్చి మళ్లీ కోర్టులో నిలబడ్డారు. మాట పడని మనిషి అని పేరు. 2019 ఏప్రిల్ మొదట్లో ఆమెను సెలవులో ఉంచి విచారణ జరిపారు. ఇక్కడ మాత్రం రిపోర్టు సారాంశాన్ని బయటపెట్టారు. 28 మందితో మాట్లాడి మూడు సంగతులు తేల్చారు. ఆమె జాతి విషయంలో నొప్పించే మాటలు అన్నారు. గాయాలున్న పిల్లల మీద, వైద్యుల మీద ఆడించాలని ఒత్తిడి తెచ్చినట్టు వాళ్లకు అనిపించింది, అయితే వైద్యసిబ్బంది ఆ ఒత్తిడికి లొంగలేదు. పిల్లలకూ ఆమెకూ మధ్య నమ్మకం తెగిపోయింది. ఆమె జాతిద్వేషి అని మాత్రం ఎవరూ అనలేదట. ఏప్రిల్ 18న ఆమె రాజీనామా చేశారు. అంతా కలిపి మూడు వారాలు కూడా పట్టలేదు. రెండు కాలేజీలను పక్కపక్కన పెట్టి చూస్తే మాకు ఈ రెండోదే మేలనిపించింది. కనీసం ఏం జరిగిందో నాలుగు వాక్యాలు కాగితం మీద ఉన్నాయి.

రట్గర్స్ యూనివర్సిటీ సంగతి ఒక్క ముక్క. అక్కడ కోచ్ మైక్ రైస్ ఆటగాళ్ల మీదికి బంతులు విసరడం, తొయ్యడం, బూతులు తిట్టడం వీడియోలో ఉంది. 2012 డిసెంబరులో అది చూసిన పెద్దలు మూడు ఆటల సస్పెన్షన్, 50 వేల డాలర్ల జరిమానాతో సరిపెట్టారు. 2013 ఏప్రిల్‌లో అదే వీడియో టీవీలో రాగానే ఒక్కరోజులో తీసేశారు. వీడియో మారలేదు, చూసినవాళ్లు మారారు.

'గట్టి కోచ్ లేకపోతే జట్టు పోతుంది కదా' అన్నారు మన కోశాధికారి గారు. మార్షల్ వెళ్లాక అసిస్టెంటు కోచ్ ఐజాక్ బ్రౌన్ పగ్గాలు పట్టారు. ఆ సీజనులోనే విచిటా జట్టు తన లీగులో మొదటి స్థానంలో నిలిచింది. ఆయన ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు మా సొంత సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మన వాళ్లలో ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని సంఘం ఆఫీసుకు వచ్చారు. ఆ అమ్మాయి ఒక కాలేజీ జట్టులో ఆడేది. కోచ్ జ్వరంలో కూడా రౌండ్లు కొట్టించారని, తప్పు చేసినప్పుడల్లా అందరి ముందు ఆమె యాసను వెక్కిరించి 'తెలుగు పిల్లకి మాటే రాదు, ఆటేం వస్తుంది' అనేవారని చెప్పింది. చెబుతున్నంతసేపూ గోడకున్న క్యాలెండరు వైపే చూసింది. ప్రిన్సిపాలుకు ఒక ఉత్తరం రాసి ఇమ్మని తండ్రి అడిగారు. మేము రాయలేదు. ఉన్న ఊళ్లో గొడవెందుకు, గురువు అన్నాక నాలుగు మాటలంటారు, సర్దుకుపో తల్లీ అన్నాము. ఆ అమ్మాయి ఆట మానేసింది. గుర్రం ఎక్కమన్న మాట, కాఫీ గింజల మాట చదివినప్పుడు మాకు ఆ క్యాలెండరు గుర్తొచ్చింది.

అప్పుడు మాకు తెలియనివి, ఇప్పుడు కనుక్కున్నవి ఇవి. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఆఫీసులకే అనుకునేవాళ్లం. అందులో క్రీడా సంస్థ, స్టేడియం, శిక్షణ ఇచ్చే చోటు, పోటీలు జరిగే చోటు కూడా పని ప్రదేశమేనని రాసి ఉంది. కాలేజీలకు 2015 నాటి యూజీసీ నిబంధనలు వేరే ఉన్నాయి, ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అవి ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ వర్తిస్తాయి. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, సరైన కారణం చూపితే గడువు మరో మూడు నెలలు పెంచవచ్చు. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండకపోతే అది పోక్సో చట్టం కిందికి వస్తుంది. అప్పుడు తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. ఇందులో సంఘం పెద్దలమైన మేమూ మినహాయింపు కాదు. పిల్లల సహాయానికి 1098 ఫోను నంబరు ఉంది.

లైంగిక వేధింపు కాకుండా ఒట్టి తిట్లు, వెక్కిరింతలు, జ్వరంలో పరిగెత్తించడం అయితే దారి ఇరుకే. మన దగ్గర కోచ్ మీద విచారణకు ప్రత్యేకమైన ఏర్పాటు కాలేజీల్లో మాకు కనబడలేదు. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అది 15 పనిదినాలలో రిపోర్టు ఇవ్వాలి. తృప్తి కలగకపోతే 15 రోజుల్లో యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. కాగితంలో తేదీ, చోటు, అన్న మాట ఉన్నది ఉన్నట్టుగా, అక్కడ ఉన్నవాళ్ల పేర్లు రాయాలి. 'చాలా బాధపెట్టారు' అని రాస్తే ఏ సెక్షనూ కదలదు, ఇది మా అనుభవం. జ్వరమైతే డాక్టరు చీటీ జతచేయాలి. ఇచ్చిన కాగితానికి రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోకుండా కౌంటరు దగ్గర్నుంచి కదలవద్దు.

అమెరికా వెళ్లబోయే మనుమరాలి విషయంలో పెద్దాయనకు మేము చెప్పింది ఇది. స్కాలర్‌షిప్ ఏడాదికా, నాలుగేళ్లకా అని రాతలో అడగమనండి. గాయమైతే ఆడవచ్చా లేదా అన్నది తేల్చేది డాక్టరా, కోచా అని అడగమనండి. గత రెండేళ్లలో ఆ జట్టు వదిలి ఎంతమంది వెళ్లిపోయారో చూడమనండి, ఆ జాబితాలు అక్కడ బహిరంగంగానే దొరుకుతాయి. వీలైతే వెళ్లిపోయినవాళ్లలో ఒకరితో మాట్లాడమనండి.

సంఘం ఆఫీసు శని, ఆదివారాలు సాయంత్రం 5 నుంచి 7 వరకు తెరిచి ఉంటుంది. ఫిర్యాదు రాయాల్సినవాళ్లు పిల్లలతో సహా రావచ్చు. తెలుగులో చెప్పండి, ఒడియాలో గాని ఇంగ్లీషులో గాని మేమే రాసి టైపు చేయించి పెడతాము. ఎవరు వచ్చారన్నది మినిట్స్ పుస్తకంలో రాయకూడదని కార్యవర్గం తీర్మానించింది.